కరెంటు స్తంభం మీది పోస్టరు గారికి

అయ్యా,

‘తాగేవారికి తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానిపించబడును, గ్యారంటీ.’ బస్టాండు ఎదురు స్తంభం మీద పైన మొలలు, కింద మోకాళ్ల నొప్పులు, మధ్యలో తమరు. ఎండకు అక్షరాలు వెలిసిపోయినా ఫోన్ నంబరు మాత్రం నిక్షేపంలా ఉంది.

2019లో వెలువడిన ఎయిమ్స్ వారి జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా 37 ఇళ్లూ తమరి ఖాతాలోవే. మా వీధిలో ఒకావిడ తమరి పొడి మజ్జిగపులుసులో కలిపింది. పులుసు చేదుగా ఉందని ఆయన కంచం విసిరికొట్టి, ఆ కోపంలో ఇంకో క్వార్టరు ఎక్కువ పట్టించాడు.

డాక్టర్లకు చాదస్తం ఎక్కువ. తాగుడు మానడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్ర ఇవ్వాలంటే రోగికి చెప్పే ఇస్తారు. అది మింగి తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చట. రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే అంటారు: చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనపడతాయి. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు మూతపడగానే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ కిక్కిరిసింది అందుకే. మామూలు రోజుల్లో ఆ పేరెత్తితే మనవాళ్లకు తిట్టుతో సమానం కదా.

అసలు చాలామందికి అడ్మిట్ అవ్వక్కర్లేదు. చీటీ రాయించుకుని, డాక్టరుతో మాట్లాడి, మాత్రలు తీసుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయొచ్చు. కానీ మా పెద్దాసుపత్రిలో వ్యసనాలు మాన్పించే గది ఎక్స్‌రే దాటి, మెట్ల కింద, బోర్డు లేకుండా ఉంది. డాక్టరు ఏ వారం వస్తారో అటెండరుకే ఎరుక. గంజాయి కుర్రాళ్ల అమ్మానాన్నలైతే ఆ గడప తొక్కితే పోలీసులొస్తారని హడలిపోతారు. వాడకం, కొద్దిపాటి సరుకు కేసుల్లో తనంతట తాను వైద్యానికి వచ్చినవాడికి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుందని వాళ్లకు చెప్పే స్తంభమేదీ?

సలహా అడగడానికి 14446 అని కేంద్రం వారి టోల్‌ఫ్రీ నంబరు ఒకటుంది. అందుకే ఒక మనవి. తమరు వాడే జిగురు ఏ కొట్లో దొరుకుతుందో ఆ నంబరు నడిపే శాఖవారికి కాస్త చెబుదురూ. వాళ్ల పోస్టర్లు మంత్రిగారి ఫొటోతో సహా రెండు వానలకే ఊడిపోతున్నాయి.

ఇట్లు,
బస్సు కోసం నిలబడ్డవాడొకడు