మెజర్దా మట్టి చెప్పే లెక్క

ట్యునీషియాలో నీటి కరవు మాట వచ్చినప్పుడల్లా అందరి చూపూ ఆకాశం వైపే మళ్లుతుంది. 2023 మార్చి చివర అక్కడి ప్రభుత్వం రాత్రి 9 గంటల నుంచి తెల్లవారుజామున 4 గంటల దాకా కుళాయిలు కట్టేసినప్పుడు కూడా వరుస అనావృష్టినే కారణంగా చూపింది. వానలు తగ్గిన మాట నిజం. అయితే ఆ దేశానికి ప్రధాన ఆధారమైన మెజర్దా నది చరిత్ర తెలిసినవారెవరూ అంతటితో ఆగలేరు. ఆ నది విషయంలో నీటికన్నా ముందు లెక్కించవలసింది మట్టిని.

అల్జీరియా ఈశాన్య ప్రాంతంలో సూక్ అహ్రాస్ పరిసరాల కొండల్లో పుట్టిన మెజర్దా, సుమారు 450 కిలోమీటర్లు ప్రవహించి ట్యునిస్ సింధుశాఖలో కలుస్తుంది. రోమన్లు దీన్ని బగ్రదాస్ అన్నారు. క్రీ.పూ. 49లో సీజర్ సేనాని క్యూరియో, నుమిడియా రాజు జుబా సేనల చేతిలో హతుడైంది ఈ నదీతీర ప్రాంతంలోనే. చరిత్రకారులు ఇలాంటి యుద్ధాలను వివరంగా రాశారు కానీ, వాటన్నిటికన్నా పెద్ద మార్పును నిశ్శబ్దంగా తెచ్చిన ఒండ్రుకు దక్కవలసిన చోటు దక్కలేదు.

మెజర్దా మొగ దగ్గరి యుటికానే చూడండి. ట్యునిస్ దగ్గరి ప్రాచీన మహానగరం కార్తేజ్‌కన్నా ముందే, తూర్పు మధ్యధరా తీరపు నావిక వర్తకులైన ఫినీషియన్లు స్థాపించారని సంప్రదాయం చెప్పే ఆ రేవు పట్టణం, క్రీ.పూ. 146లో కార్తేజ్ నేలమట్టమైన తరువాత రోమన్ ఆఫ్రికాకు రాజధాని అయింది. ఓడలు లంగరు వేసిన ఆ పట్టణపు శిథిలాలు నేడు సముద్రానికి దాదాపు 10 కిలోమీటర్ల లోపల, పొలాల మధ్య ఉన్నాయి. ఏ శత్రుసేనా శాశ్వతంగా మూయలేకపోయిన రేవును నది మేట వేసి మూసేసింది. ఆ తరువాత 17వ శతాబ్దంలో ఒట్టోమన్ పాలకుల నౌకలకు ఆశ్రయమిచ్చిన ఘార్ అల్ మెల్హ్ రేవుకూ అదే గతి పట్టింది. దానికి అండగా ఉన్న ఉప్పుకయ్య క్రమంగా పూడిపోయింది.

ఇంత మట్టి ఊరికే రాలేదు. ఎగువ కొండల్లో సున్నం కలిసిన మెత్తని బంకనేలలు ఎక్కువ. వేసవిలో బీటలు వారిన ఆ వాలు మీద శీతకాలపు వాన ఒక్కసారిగా కురిస్తే మట్టి కరిగి జారిపోతుంది. రోమ్‌కు ధాన్యం పంపిన కాలం నుంచీ ఆ పరీవాహకంలో గోధుమ సాగు విస్తరిస్తూనే ఉంది. 1881లో మొదలైన ఫ్రెంచి పాలనలో నాగలి మరింత లోతుకు దిగింది.

ఇరవయ్యో శతాబ్దం చేసిందల్లా ఆ మట్టికి దారి మార్చడమే. పూర్వం రేవుల్లో మేట వేసినది ఇప్పుడు జలాశయాల అడుగున చేరుతోంది. ఉపనది మెల్లెగ్ మీద 1954లో కట్టిన ఆనకట్ట జలాశయం పూడికతో ఎంతగా నిండిందంటే, దాని ఎగువన మరొకటి నిర్మించవలసి వచ్చింది. కొండవాలు అలాగే ఉన్నప్పుడు ఆ కొత్త జలాశయం మాత్రం ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది? మెజర్దా మీద 1981లో పూర్తయిన సీదీ సాలెం ఆనకట్ట కథ మరింత ఆలోచింపజేస్తుంది. పెద్ద వరదలు దిగువకు రావడం తగ్గేసరికి నది తన పాయను తానే కడుక్కోలేకపోయింది. పాయలో బురద పేరుకుంది, పొదలు మొలిచాయి, వెడల్పు తగ్గింది. 2003లో వరద వచ్చినప్పుడు దిగువ పల్లపు భూములు మునిగిపోవడానికి ఈ ఇరుకుదనం కూడా ఒక ముఖ్య కారణం.

ఈ ఆనకట్టలే లేకపోతే ట్యునిస్ నగరానికి తాగునీరు, మెజర్దా నీటిని తెచ్చే కాలువ మీద ఆధారపడిన కాప్ బోన్ ద్వీపకల్పపు నారింజ తోటలకు సాగునీరు ఎక్కడివని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆనకట్టలు వద్దని నేను అనడం లేదు. నిల్వ సామర్థ్యాన్ని ఎన్నటికీ తరగని ఆస్తిగా చూపే లెక్కలనే నేను తప్పుపడుతున్నాను. 1953లో 133 టీఎంసీలతో మొదలైన తుంగభద్ర జలాశయం పూడిక వల్ల దాదాపు 105 టీఎంసీలకు తగ్గిపోవడాన్ని చూసిన రాయలసీమ రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

చేయవలసిన పని ఎగువన ఉంది. పరీవాహకం రెండు దేశాలది కాబట్టి, వాలు మీద చెట్లు పెంచడం, అడ్డుకట్టలు వేయడం, దుక్కి తీరు మార్చడం అనే బాధ్యతలను అల్జీరియా, ట్యునీషియా కలిసి పంచుకోవాలి. వరద తొలి ఘడియల్లో చిక్కని బురదనీటిని అడుగు తూముల గుండా వదిలేయడం నీటిని వృథా చేయడమని ఎండిన దేశంలో అనిపించవచ్చు. కానీ ఆ బురదను ఆపుకుంటే జలాశయంలో కోల్పోయే చోటు మళ్లీ దొరకదు. దాని అవసరం దిగువన కూడా ఉంది. 1973 మార్చి వరదలో మెజర్దా తన పాత మొగను విడిచి, వరద మళ్లింపు కోసం మనుషులు తవ్విన కాలువ గుండా సముద్రంలో కలిసింది. అప్పటి నుంచి ఒండ్రు అందని పాత మొగ దగ్గరి తీరాన్ని అలలు కోస్తున్నాయి.