అన్నీ ఒకటే సైజు సార్!

ఇంజిన్లు విప్పే షెడ్లలో ఒక మహా సిద్ధాంతం నడుస్తోంది, కనిపెట్టినవాడికి ఇంతవరకూ ఏ యూనివర్సిటీ డాక్టరేట్ ఇవ్వకపోవడం మన దౌర్భాగ్యం. సిద్ధాంతం చాలా చిన్నది: "అన్నీ ఒకటే సైజు సార్." ఇంజిన్ అరిగి బోరుకొచ్చిందని తీసుకెళ్తాం, మేస్త్రీలు కనెక్టింగ్ రాడ్ల (పిస్టన్‌ని కింద తిరిగే క్రాంకు ఇరుసుకి కలిపే కడ్డీలు) కింద ఆ ఇరుసుని పట్టుకునే క్యాపులు ఊడదీస్తారు, క్యాపులు, నట్లు, బోల్టులు, పాత బేరింగులు మొత్తం కలిపి సగానికి కోసిన ప్లాస్టిక్ డబ్బాలో పడేసి పైన డీజిల్ పోస్తారు. ఏ క్యాపు ఏ రాడ్‌ది అన్నా అని అడిగామా, అయిపోయాం. మనవైపు ఒక చూపు చూస్తారు, ఆ చూపుకి విడిగా జీఎస్టీ వెయ్యొచ్చు.

అసలు తప్పంతా ఫ్యాక్టరీవాళ్ళది లెండి. పనీపాటా లేక ఏం చేస్తారంటే, రాడ్‌కి క్యాపు పెట్టి, బోల్టులు టైట్ చేసి, అప్పుడు రెండింటినీ కలిపి ఒకే రంధ్రంగా బోర్ కొడతారు. అంటే ఆ రంధ్రం గుండ్రంగా ఉండేది ఆ జంటకి మాత్రమే, అదీ ఆ వైపు పెట్టినప్పుడే. పక్క రాడ్ క్యాపు తెచ్చి పెడితే బోల్టులు శుభ్రంగా ఎక్కుతాయి, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ రెండూ కలిసేచోట లోపల గోరు పెట్టి గీస్తే సన్నగా మెట్టులా తగలొచ్చు. ఒక్కోసారి గోరుకి కూడా అందదు, మైక్రోమీటరుకే తెలుస్తుంది. గోరంత కూడా లేదు కదా అంటారా, బేరింగుకీ క్రాంకుకీ మధ్య ఆయిల్ నిలబడే ఖాళీ మామూలు కారు ఇంజిన్లో 0.05 మిల్లీమీటర్ అటూ ఇటూ, మన తలవెంట్రుక అంతకంటే లావు. అందుకే ఆ వెర్రి ఫ్యాక్టరీవాళ్ళు రాడ్ మీదా క్యాపు మీదా పక్కనే ఒకే అంకె గుద్ది పంపుతారు, 1కి 1, 2కి 2, రెండు అంకెలూ ఒకే వైపు ఉండాలి. ఎల్‌కేజీ పిల్లలు చేసే పని. మనది పీజీ లెవెల్ కాబట్టి మనం చూడం.

నాకైతే ఈ డీజిల్ డబ్బా చూసినప్పుడల్లా ఒక కాశీయాత్ర బస్సు గుర్తొస్తుంది. బస్సునిండా పెద్దవాళ్ళే అనుకోండి, రాత్రి సత్రంలో దిగి అందరూ కట్టుడు పళ్ళు తీసి తలా ఒక గ్లాసులో పెట్టుకున్నారు, వంటవాడు మహా శుభ్రత మనిషి, తెల్లారగట్ల లేచి ఆ సెట్లన్నీ ఒకే బేసిన్లో వేసి సర్ఫు కొట్టి తళతళా కడిగి వసారాలో ఆరబెట్టాడు. ఇంక చూస్కోండి. సుబ్బారావు గారికి దొరికిన పై సెట్టు నోట్లో పట్టదు, వంటవాడు ధైర్యం చెప్తాడు, "అన్నీ పళ్ళే కదా బాబాయ్ గారూ, నాలుగు రోజులు నమిల్తే అవే సెట్ అవుతాయి." పిన్నిగారికి కింద సెట్టు వదులు, దానికీ మందుంది, సిగరెట్ ప్యాకెట్లో రేకు మడిచి అడుగున పెట్టారు. మేష్టారికి మరీ బిగుతు, గరుకు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్ది ఇచ్చారు, అప్పటికీ ఎక్కకపోతే "ఒరేయ్ ఆ సుత్తి ఇలా తే" అన్నారు. అందరికీ పళ్ళు ఎక్కాయి. ఫొటో కూడా దిగారు. ప్రయాగ దాటేలోపు ఒక్కరూ ఇడ్లీ కూడా తినలేకపోతుంటే వంటవాడు తీర్పు ఇచ్చాడు: "మీరు నీళ్ళు తక్కువ తాగుతున్నారండి."

నేనేదో కల్పించి రాశానని నవ్వుకుంటున్నారేమో, వంటవాడు చేసిన ప్రతి పనీ షెడ్లలో జరిగేదే. బేరింగు వదులైతే క్రాంకుని గ్రైండింగ్ కొట్టించి సైజు చేయించి, దానికి తగ్గ అండర్ సైజు బేరింగులు వెయ్యడం మాని, క్యాపు అంచుల్ని ఎమిరీ పేపర్ మీద రుద్ది బిగించే మహానుభావులున్నారు, రంధ్రం కోడిగుడ్డు షేపులోకి పోయినా వాళ్ళకి పర్లేదు. షెల్లు, అంటే బేరింగు సగం ముక్క, దాని వెనకాల రేకు పెట్టేవాళ్ళున్నారు. షెల్లు వెనక ఆయిల్ చుక్క కూడా ఉండకూడదు, పొడిగా తుడిచి పెట్టాలి, లోపలి ముఖానికే ఆయిల్ రాయాలి అని మాన్యువల్ మొత్తుకుంటుంటే వీళ్ళు రేకు పెడతారు. ఇంక బోల్టు ఎంత బిగించామో కొలిచి చూపే టార్క్ రెంచ్ సంగతి అడక్కండి, "నా చెయ్యే టార్క్ రెంచ్" అంటారు, స్పానర్‌కి పైపు తొడిగి ఊఁ అని లాగుతారు.

ఆ బోల్టు మీద ఎంత పడుతుందో లెక్కేద్దాం, సరదాకి. పిస్టన్, దాన్ని రాడ్‌కి తగిలించే గజన్ పిన్, రాడ్ పైభాగం కలిపి రెండు కిలోలు అనుకోండి, స్ట్రోక్ అంటే పిస్టన్ కిందనుంచి పైకి కదిలే దూరం 110 మిల్లీమీటర్లు, ఇంజిన్ 2000 ఆర్‌పీఎంలో తిరుగుతోంది. పిస్టన్ సెకనుకి 33 సార్లు పైకెళ్ళి ఆగి వెనక్కి తిరుగుతుంది. పొగ బయటికి తోసే స్ట్రోక్ చివర పైన అడ్డుకోడానికి మంట ఒత్తిడి కూడా ఉండదు, ఎగిరిపోయే పిస్టన్‌ని వెనక్కి లాగేది ఆ క్యాపూ ఆ రెండు బోల్టులే, ఆ లాగుడు దాదాపు 600 కిలోలు. అది మన చేతి అంచనా మీద నడుస్తోంది. రాడ్ నడుం మీద ఉలితో గుర్తు గీసేవాళ్ళు ఇంకో రకం, ఆ గీత దగ్గరే పగులు మొదలై ఏదో ఒకరోజు రాడ్ బ్లాకు గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది.

ఇప్పటి చాలా కార్లలో ఇంకో విడ్డూరం, రాడ్‌ని ఒకే ముక్కగా చేసి కావాలనే పగలగొడతారు, ఆ పగిలిన గరుకే తాళం, దానిక్కావాల్సింది దాని ముక్కే, వేరేది కూర్చోదు. సిద్ధాంతానికి చాలా గడ్డుకాలం, కానీ సుత్తి మీద నాకు నమ్మకం ఉంది.

మూడు సిలిండర్ల ట్రాక్టర్‌కి మూడు క్యాపులు. ఏది దేనికి అన్నది ఆరు రకాలు, ఒక్కో క్యాపునీ అటు ఇటు తిప్పి పెట్టే వీలు కూడా లెక్కేస్తే మొత్తం 48 రకాలు. కరెక్టుది ఒక్కటి. మా బాబాయ్ ట్రాక్టర్‌కి మిగతా 47లో ఒకటి తగిలింది.

కాలవకి నీళ్ళొదిలిన వారం అది. ఊరంతా దమ్ములు, అద్దె ట్రాక్టరు అడిగితే ఎకరానికి నోటికొచ్చిన రేటు. కొత్తగా ఇంజిన్ చేయించిన బండి మడిలో ఉండగా కనెక్టింగ్ సౌండ్, అంటే రాడ్ బేరింగు కొట్టుకునే చప్పుడు మొదలెట్టింది, టకటకా టకటకా. మళ్ళీ అదే షెడ్డు, మళ్ళీ ఇంజిన్ అడుగునుండే ఆయిల్ సంపు ఊడదీత. మేస్త్రీ చూడకముందే చెప్పాడు, "ఆయిల్ తక్కువ పోశారు సార్." ఇక్కడ నాకు నవ్వు రావట్లేదు. ఆయిల్ తక్కువైతే బేరింగు మొత్తం నాశనమవుతుంది, ఇక్కడ పై షెల్లులో కుడి అంచు, కింది షెల్లులో ఎడమ అంచు, ఆ రెండు చోట్లే తెల్లపొర లేచిపోయి రాగిరంగు కనపడుతోంది, మధ్యలో కొత్తదానిలా మెరుస్తోంది. క్యాపు పక్కకి జరిగి కూర్చుందని ఇంతకంటే ఎలా చెప్తుంది ఇనుము? రాడ్ మీద 2, క్యాపు మీద 3, గుడ్డపెట్టి తుడిస్తే చాలు కనపడుతున్నాయి. మా బాబాయ్ పొద్దున్నే డిప్‌స్టిక్ చూడకుండా స్టార్టరు ముట్టుకోడు, అలాంటి మనిషిని పట్టుకుని ఆయిల్ పోయలేదంటావా? చదువుకోలేదని, గట్టిగా అడగడనే కదా నీ ధైర్యం!

విజయవాడ ఆటోనగర్‌లో రాడ్‌ని అలైన్‌మెంట్ పెట్టి వంపు చూడందే ఇవ్వని లేత్ మిషన్‌వాళ్ళున్నారు, రాడ్ బయటికి లాగేముందు బోల్టుల మరలు క్రాంకుకి గీసుకోకుండా రబ్బరు గొట్టం ముక్కలు తొడిగేవాళ్ళున్నారు. వాళ్ళకేం ఆకాశం నుంచి ఊడిపడలేదు ఆ పని, ఎవరో ఒకరు పక్కన కూచోబెట్టుకుని చూపించారు.

అంకెలు చూపిస్తే మేస్త్రీ ఒక్క క్షణం ఆగి, డబ్బా కడిగే కుర్రాణ్ణి పిలిచి చెంప మీద ఒకటిచ్చాడు, "వీడే కలిపేశాడు సార్." పదహారేళ్ళుంటాయో లేవో. చేతులు మోచేతుల దాకా డీజిల్‌లో నాని తెల్లగా పగిలి ఉన్నాయి. వాడికి ఆ అంకె ఉందని ఎవడు చెప్పాడు? నువ్వు చెప్పావా? నువ్వే డబ్బాలో పడేశావు, వాడు కడిగాడు, బిగించింది నువ్వు!

బిల్లులో కొత్త బేరింగు సెట్టు, క్రాంకు గ్రైండింగ్, ఆయిలూ, ఫిల్టరూ అన్నీ మళ్ళీ బాబాయ్ లెక్కలోనే పడ్డాయి. కొంచెం తగ్గించమంటే మేస్త్రీ పెద్ద మనసు చేసుకుని లేబర్లో మూడు వందలు కొట్టేశాడు. "వీడి వారం కూలీలో పట్టుకుంటాలే సార్" అన్నాడు.