మహారాజశ్రీ పాట్ మెటల్ బ్యాడ్జీ గారికి

మహారాజశ్రీ పాత కారు బానెట్ బ్యాడ్జీ గారి సముఖమునకు నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఉభయుల్లో తమరు బానెట్ నుంచి విప్పిన రోజే రెండు ముక్కలయ్యారు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. నట్టు పావు చుట్టు కూడా తిరగలేదు. టిక్కుమని చిన్న చప్పుడు. తమరి వెనకున్న మరమేకు, అదే స్టడ్డు, నట్టులోనే ఉండిపోయింది, తమరు చేతిలోకి ఊడి వచ్చారు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలియనివి కావు. పాట్ మెటల్ అనే చవక పోత లోహం: ఒళ్లంతా జింకు, అందులో నూటికి నాలుగు పాళ్లు అల్యూమినియం, కాస్త రాగి, పిసరంత మెగ్నీషియం. 380 డిగ్రీలు దాటితే కరిగి కారిపోయే శరీరం. దాని మీద రాగి పూత, ఆపైన నికెల్, అన్నిటికీ పైన మైక్రానులో సగం కూడా ఉండని క్రోమ్. ఆ సగం మైక్రాను చూసుకునే ఉక్కునంటూ ఇన్నేళ్లూ ఊరేగారు. పైన పటారం, లోన లొటారం! 1929లో జమాక్ అనే శుద్ధమైన జింకు మిశ్రమాలు రాకముందు పుట్టిన తమ పెద్దలకైనా ఒక సాకుంది: జింకులో ఏ కొంచెం సీసం కలిసినా రేణువుల మధ్య తుప్పు పట్టి, పోత ఉబ్బి, పగిలి, ముట్టుకుంటే రాలిపోయేది. తమరిది ఆ తరం కాదు. తమరికి ఆ సాకు చెల్లదు.

పోనీ, స్టడ్డు సంగతి క్షమిస్తాను. దానికి వైద్యం ఉంది. ఇనుప నట్టుకి తుప్పు పట్టి జింకు మరను కరుచుకున్నాక స్పానరు వేయడమే తప్పు. నట్టును తిప్పకూడదు, కోయాలి. చిన్న కటింగ్ డిస్కుతో నట్టు పక్క మీద నిలువునా గాటు పెట్టి, మర తగలబోయే ముందు ఆపి, ఆ గాటులో స్క్రూడ్రైవరు మెలేస్తే నట్టు నోరు తెరుస్తుంది. మంట పెట్టి వదులు చేద్దామనుకుంటే నట్టు కంటే ముందు తమరే వదులవుతారు. ఇక విరిగినచోట మొండెం ఆకురాయితో చదును చేసి, సెంటర్ పంచ్ కొట్టి, ఎం3 (3 మి.మీ.) మరకైతే 2.5 మి.మీ. బిట్టుతో నెమ్మదిగా తొలవాలి. బిట్టుకి లోతు గుర్తుగా టేపు చుట్టాల్సిందే. లేకపోతే అది తమరి ముఖంలోంచి బయటికి వస్తుంది. మర కోసే ట్యాపు అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. కొత్త స్టడ్డు ఎపాక్సీతో కూర్చోబెట్టి, ఒక రోజు ముట్టుకోకుండా ఉంటే చాలు.

గుంటలు మాత్రం క్షమించను.

క్రోమ్‌లో కంటికి కనపడని పగుళ్లుంటాయి, దాని కింద నికెల్‌లో సన్నటి రంధ్రాలుంటాయి. తేమ వాటిలోంచి దిగి జింకును చేరుతుంది. పక్కన నికెల్, రాగి ఉన్నప్పుడు తుప్పు తినేది జింకునే, వాటికేమీ కాదు. పుట్టిన తెల్ల తుప్పు జింకు కంటే ఎక్కువ చోటు అడిగి, పూతను కింది నుంచి ఎత్తుతుంది. పైకి కనిపించేది అర మిల్లీమీటరు చుక్క. బర్ బిట్టు పెట్టి తవ్వితే రెండు మిల్లీమీటర్ల గొయ్యి. ఎమరీ కాగితంతో రుద్ది పారేద్దామా అంటే, గోతుల అడుగు దాకా ముఖమంతా దించాలి, అంతలోకి అక్షరాల అంచులు అరిగి పేరు చదవరాకుండా పోతుంది.

కాబట్టి ఒక్కో గుంటకీ ఒక్కో పూజ. పాత క్రోమ్, నికెల్ ఊడదీయాలి. అన్నిటినీ ఒకే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తొట్టిలో ముంచే ప్లేటరు (లోహపు పూత వేసేవాడు) దొరికితే తిరిగొచ్చేది జల్లెడే. ప్రతి గుంటనీ మెరిసే బూడిదరంగు లోహం కనపడేదాకా తవ్వాలి. రవ్వంత తెల్లపొడి మిగిలినా కొన్ని నెలలకి అక్కడే పొక్కు. ఆ తర్వాత సైనైడ్ రాగి పూత, అదీ ప్లేటింగ్ షాపులోనే, ఇంట్లో కాదు. నేరుగా ఆమ్ల రాగిలో దించితే జింకును తినేసి, పట్టిన రాగి పొరలా ఊడొస్తుంది. సైనైడ్ రాగి పట్టాకే ఆమ్ల రాగి మందంగా. గుంటల్లో తగరం-సీసం సోల్డర్, సోల్డరింగ్ ఐరన్‌తోనే. ఆకురాయి, ఆపైన 320, 400, 600 నంబరు ఎమరీ కాగితాలు. మళ్లీ రాగి. మళ్లీ రుద్దుడు. హమ్మయ్య అని వెలుగులో వంచి చూస్తే, అదిగో, మొదట్లో లేనిచోట ఇంకో మూడు! ఎక్కడ దాచావు వాటిని? ఇన్ని పొరలు ఊడదీసినప్పుడు ఎక్కడున్నాయి? సిగ్గుందా నీకు?

పక్కన మీ బంధువర్గం ఏమీ తక్కువ తినలేదు. కారు అంచున ఉండే స్టెయిన్‌లెస్ బీడింగు పట్టీ సొట్టలు తీయించుకుని బుద్ధిగా మెరుస్తుంది గానీ, బఫింగ్ చక్రానికి అంచు ఎదురుపెడితే లాక్కుని అల్లంత దూరాన మెలితిరిగి పడుతుంది. అనొడైజ్ చేసిన అల్యూమినియం పట్టీని మెటల్ పాలిష్‌తో ఎంత రుద్దినా పాలిష్ దండగ. పైనున్న గట్టి ఆక్సైడ్ పొరను కాస్టిక్ సోడాతో తీస్తేగానీ కింద లోహం దొరకదు. ప్లేటరు గారి ‘వచ్చే సోమవారం’ సంగతి రాయడం మొదలుపెడితే కాగితం చాలదు.

నిన్ను చెత్తబుట్టలో వేసి, వాక్యూమ్‌లో మెరుపు పూసిన ఏబీఎస్ ప్లాస్టిక్ నకలు తగిలిస్తే పీడా పోతుంది. తెప్పించి పక్కన పెట్టి చూడటం కూడా అయింది. అచ్చుకి అచ్చు తీసిన బాపతు, అక్షరాల మూలలు గుండ్రంగా మొద్దుబారి ఉన్నాయి. నీ మూలలు ఇన్ని గుంటల మధ్య కూడా ఇంకా కోసేలా ఉన్నాయి, అదే వచ్చిన చావు. మూడో విడత రాగికి వెళ్తున్నావు. నోరు మూసుకుని వెళ్లు.

ఇట్లు,
తమరి గుంటల లెక్క రాసుకునే గుమాస్తా

తా.క. ఈసారి ఇత్తడి నట్టు, గ్రీజు, కింద నైలాన్ వాషరు. వేళ్లతో బిగించాక పావు చుట్టు, అంతే. ప్లేటరుకి ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటో తీసి, బరువు తూచి, రాగి తీగతో నంబరు బిళ్ల కట్టాను. కాగితం చీటీ మొదటి తొట్టిలోనే పోతుంది.