క్లచ్ పోయింది, బావమరిది దొరికాడు

(విజయవాడ. శనివారం ఉదయం. వరండాలో పేపరు పరిచి, దాని మీద తన ఆర్15 బైకు క్లచ్ ప్లేట్లు పేర్చుకుని కూర్చున్నాడు మూర్తి. కాఫీ గ్లాసుతో సుజాత వచ్చింది.)

సుజాత: ఆ పేపరు నేనింకా చదవలేదు. సరే, ఏమిటివి?

మూర్తి: క్లచ్ ప్లేట్లు. క్లచ్ జారుతోంది. ఆర్‌పీఎం 7,000 దాటినా స్పీడు అక్కడే ఉంటోంది.

సుజాత: అరుపే గానీ పని లేదు. ఇంట్లో ఇద్దరయ్యారన్నమాట.

మూర్తి: అందుకే రేసింగ్ ప్లేట్లు వేయిద్దామని. కెవ్లార్‌వి. గట్టి స్ప్రింగులతో సహా సెట్టు.

సుజాత: ఏ రేసుకి? బెంజి సర్కిల్ నుంచి గవర్నర్‌పేటకి, మధ్యలో టిఫినుకి ఆగి!

మూర్తి: స్పోర్ట్స్ బైకు అన్నాక...

సుజాత: బండి కొన్నరోజు ఏమన్నారు? ‘అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్ సుజాతా, రెండు వేళ్లతో నొక్కొచ్చు’ అని నా చేత కూడా నొక్కించారు. ఇప్పుడు గట్టి స్ప్రింగులు వేస్తే లివర్ బిగుసుకుంటుంది. సాయంత్రానికి చెయ్యి నొప్పి, జండూబామ్ రాయడానికి నేను.

మూర్తి: నీకివన్నీ ఎవరు చెప్పారు?

సుజాత: మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. పెళ్లిచూపుల్లో ఆ సంగతి చెబుతుంటే మీరు పకోడీల మీద ఉన్నారు. ఇంతకీ కొలిచారా?

మూర్తి: చూస్తే తెలియడం లేదూ, అరిగాయని!

సుజాత: చూసి చెప్పడానికి ఇదేమన్నా జాతకమా? వెర్నియర్ తెండి. పిల్లాడి ల్యాబు పెట్టెలో ఉంది.

(తెచ్చాడు. సుజాత ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటు (రాపిడితో పట్టుకునే ప్లేటు) మందాన్నీ నాలుగు చోట్ల కొలిచి, ఫోన్‌లో తెరిచిన సర్వీసు మాన్యువల్‌తో సరిచూసింది.)

సుజాత: అరుగుదల లిమిటు ఇంకా దాటలేదు. ఇక స్టీలు ప్లేట్లు. టీపాయ్ అద్దం మీద పెట్టండి... ఇది చూడండి, ఒక పక్క లేస్తోంది. అడుగున ఫీలర్ గేజ్, అదే సందు కొలిచే సన్న రేకు, ఎంత సులువుగా దూరుతోందో! వంగింది. పైగా నీలం రంగు తేలింది, బాగా కాలితేనే అలా అవుతుంది. సిగ్నల్ దగ్గర హాఫ్ క్లచ్ మీద నిలబడతారా?

మూర్తి: అందరూ నిలబడతారు!

సుజాత: అందరివీ జారడం లేదుగా. ఎప్పట్నుంచి ఇలా?

మూర్తి: ఆయిల్ మార్చినప్పట్నుంచి.

సుజాత: ఏ ఆయిల్ పోశారు? ఆ డబ్బా ఇటివ్వండి. బైకు ఆయిల్‌కుండే గుర్తు, జాసో ఎంఏ2 అని ఎక్కడుంది? ఇది కారు ఆయిలు కదండీ! బండిలో క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. మైలేజీ కోసం రాపిడి తగ్గించే మందు కలిపిన ఆయిల్ పోస్తే ప్లేట్లు పట్టుకుంటాయా? అసలు ఏ తెలివితక్కువ దద్దమ్మ ఇచ్చాడిది మీకు?

మూర్తి: మీ తమ్ముడు.

(కాసేపు మిక్సీ లేదు, టీవీ లేదు.)

సుజాత: ...వాడేదో ప్రేమగా ఇచ్చుంటాడు.

మూర్తి: నేనూ ప్రేమగానే పోశాను.

సుజాత: డబ్బా మీద రాసింది చదువుకోవద్దూ? అయినా ఆయిల్‌కేం, మీ హాఫ్ క్లచ్చే అసలు కారణం. ఆటోనగర్ వెళ్లి కంపెనీ సెట్టు తెచ్చుకోండి. ప్లేట్లు, స్ప్రింగులు, కవర్ గ్యాస్కెట్. పాత గ్యాస్కెట్ మళ్లీ వేశారంటే వరండా అంతా ఆయిలే.

మూర్తి: ఇందాక లిమిటు దాటలేదన్నావు?

సుజాత: స్టీలువి పోయాయి కదా, అవీ ఇవీ కలిపి వేయడమెందుకు? కొనమన్నప్పుడు కొనండి.

మూర్తి: బిల్లు మీ తమ్ముడికి పంపనా?

సుజాత: పంపి చూడండి. రాత్రికి అన్నం కూడా వాడే పంపిస్తాడు.

మూర్తి: సరే సరే. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు బిగించే ముందు రాత్రంతా ఇంజన్ ఆయిల్లో నాననివ్వాలి. ఆ పెద్ద స్టీలు బేసిన్ ఇలా ఇవ్వు.

సుజాత: ఆవకాయ కలిపే బేసిన్! ముట్టుకున్నారంటే ఊరుకోను.

మూర్తి: మరి దేన్లో వెయ్యను?

సుజాత: మీ అక్కయ్య గృహప్రవేశానికి ఇచ్చిన డిన్నర్ సెట్టు ఉందిగా, అట్టపెట్టె కూడా విప్పలేదు. అందులో వేయండి.