బోర్డు మీద రంగు మారితే పేటెంటా?

నగరంలో ఏ పెద్ద స్కానింగ్ సెంటర్‌కైనా పొద్దున తొమ్మిదింటికి వెళ్లి చూడండి. వరస కుర్చీల్లో సగం మంది ఒళ్లో పాత ఫిల్ముల కవర్లు, మిగతా సగం మంది చేతుల్లో నీళ్ల సీసాలు. ఈమధ్య మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ వాళ్లమ్మను అలాంటి చోటికే తీసుకెళ్లింది. పొత్తికడుపు అల్ట్రాసౌండ్, మూత్రాశయం నిండుగా ఉండాలన్నారు. "లీటర్ నీళ్లు తాగండమ్మా, మీ ముందు ఇంకా ముగ్గురే ఉన్నరు" అని కౌంటర్‌లో అమ్మాయి చెప్తే పెద్దావిడ బుద్ధిగా తాగింది. ముగ్గురిలో ఇద్దరు అయ్యారు, ఇంతలో వార్డు నుంచి ఎమర్జెన్సీ కేసు వచ్చింది, దాని తర్వాత డాక్టర్‌గారు ఫోన్ పట్టుకుని బయటికెళ్లారు, ఇక ఆపుకోలేక ఈవిడ బాత్రూమ్‌కి వెళ్లింది, సరిగ్గా అప్పుడే పేరు పిలిచారు. "అయ్యో, మళ్లీ నింపుకోవాలమ్మా" అన్నారు. ఇంకో లీటరు, ఇంకో గంట. గోడ మీద టీవీ ఉంది, అందులో టోకెన్ నంబర్ కూడా ఉంది. పొద్దున్నుంచీ 14 దగ్గరే ఆగి ఉంది.

ఈ బాధ చిన్నదేం కాదు. నల్గొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో తెల్లారుజామున బస్సెక్కి హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండ్‌లో దిగి వచ్చినవాళ్లకు రాత్రి ఊరు చేరతామా లేదా అనేది ఆ టీవీలో నంబర్ కదలడం మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి స్కాన్ గదిలో ఏం జరుగుతోందో, పరీక్ష ఎంతవరకు వచ్చిందో, ఇంకెంత సేపు పడుతుందో బయటివాళ్లకు చెప్పే సాఫ్ట్‌వేర్ ఎవరైనా చేస్తే మేము రెండు చేతులా స్వాగతిస్తాం. అలాంటివి మన నగరంలోనూ తయారు కావాలనే కోరుకుంటాం. అయితే ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు "ఇది మా ఆవిష్కరణ, ఇరవై ఏళ్లు ఇంకెవరూ ఇలా చేయకూడదు" అని పేటెంట్ ఆఫీసు తలుపు తట్టినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. పనికొచ్చే వస్తువు వేరు, పేటెంట్ ఇవ్వదగ్గ వస్తువు వేరు, ఈ రెండూ ఒకటేనని మన స్టార్టప్ ప్రపంచంలో చాలామంది అనుకుంటున్నారు.

ఇలాంటి దరఖాస్తు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చదివారా? ఒక ప్రాసెసర్, ఒక మెమరీ, ఒక డిస్‌ప్లే. ఆ ప్రాసెసర్ స్కానింగ్ మెషీన్ నుంచి సమాచారం తీసుకుంటుంది, పరీక్ష ఏ దశలో ఉందో నిర్ణయిస్తుంది, ఆ దశను డిస్‌ప్లే మీద చూపిస్తుంది. పసుపు రంగు అంటే నడుస్తోంది, ఆకుపచ్చ అంటే అయిపోయింది. ఇదే సంగతిని ముప్పై పేజీలు సాగదీసి, "సదరు", "పైన చెప్పిన" లాంటి మాటలు చల్లి, చివర్లో ఇరవై క్లెయిమ్‌లు, అంటే "ఇదిగో ఇంతవరకు మాది" అని హద్దు గీసే వాక్యాలు పెడతారు. చదువుతుంటే గొప్పగానే ఉంటుంది. కానీ కాసేపు ఆగి ఆలోచిస్తే, తలుపు సందులోంచి తొంగి చూసి "లోపల పేషెంట్ ఉన్నడు, ఇంకో పది నిమిషాలైతది" అని చెప్పే వార్డ్‌బాయ్ చేసే పని ఇదే కదా అనిపిస్తుంది. ఆ పని కంప్యూటర్‌తో చేయించినంత మాత్రాన అది ఆవిష్కరణ అయిపోదు.

పైగా కంప్యూటర్‌తో చేయించడం కూడా కొత్త కాదు. ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై మెషీన్లన్నీ మాట్లాడుకునే ఉమ్మడి భాష ఒకటుంది, డైకామ్ అంటారు. అమెరికాలో రేడియాలజిస్టుల సంఘం, పరికరాలు తయారుచేసేవాళ్ల సంఘం కలిసి 1985లో మొదటి రూపం తెచ్చాయి, 1993 నుంచి దీన్ని డైకామ్ పేరుతో వాడుతున్నారు. అందులో ఎంపీపీఎస్ అని ఒక భాగం ఉంది. టెక్నీషియన్ పరీక్ష మొదలుపెట్టగానే మెషీనే ఆస్పత్రి కంప్యూటర్‌కు కబురు పంపుతుంది: ఇన్ ప్రోగ్రెస్. అయిపోగానే ఇంకో కబురు: కంప్లీటెడ్. మధ్యలో పేషెంట్ భయపడి ఆపించేస్తే, డిస్‌కంటిన్యూడ్. ఎవరికి, ఏ పరీక్ష, ఎప్పుడు మొదలైంది, ఎన్ని ఇమేజ్‌లు వచ్చాయి, అన్నీ అందులో ఉంటాయి. ఇది గత శతాబ్దం చివర్లోనే వచ్చింది. ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని చదువుకోవచ్చు. చాలాచోట్ల దీన్ని ఆన్ చేయరు, ఆన్ చేసినా పేషెంట్ వెళ్లిపోయాక ఎప్పటికో గానీ "ఎండ్ ఎగ్జామ్" నొక్కరు, అది వేరే సంగతి. బటన్ నొక్కకపోవడం మనుషుల అలవాటు, దానికి పేటెంట్ మందు కాదు.

దరఖాస్తును పరిశీలించాల్సిన పేటెంట్ ఎగ్జామినర్ టేబుల్ మీద ముందుగా ఉండాల్సింది ఈ డైకామ్ పత్రం. ఎగ్జామినర్లు పాత పేటెంట్ల డేటాబేస్‌లో వెతకడానికి బాగా అలవాటు పడ్డారు, పరిశ్రమ ప్రమాణాల పత్రాల్లో, మెషీన్ కంపెనీలు మెషీన్‌తోపాటు ఇచ్చే మాన్యువల్స్‌లో అంతగా వెతకరు. ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ విషయంలో అసలు సరుకంతా ఉండేది అక్కడే.

ఇక మన చట్టం. 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతులు, వ్యాపార పద్ధతులు, అల్గారిదమ్‌లు, కంప్యూటర్ ప్రోగ్రామ్ "పర్ సే", ఇవేవీ ఆవిష్కరణలు కావు. ఆ "పర్ సే" అనే రెండు ముక్కలు 2002 సవరణతో వచ్చాయి, ఈ దేశంలో సాఫ్ట్‌వేర్ పేటెంట్ల గొడవంతా అప్పటి నుంచీ ఆ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతోంది. ప్రోగ్రామ్ ఒట్టి ప్రోగ్రామ్‌గానే ఉంటే ఇవ్వరు, దాని వల్ల సాంకేతికంగా ఏదైనా ఒరిగితే చూస్తారు అని మామూలు మాటల్లో దాని అర్థం. 2004 చివర్లో ఆర్డినెన్స్ తెచ్చి ఈ తలుపు ఇంకాస్త తెరవబోయారు, 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. తర్వాత పేటెంట్ ఆఫీసు 2015 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చి ఆ డిసెంబర్‌లోనే పక్కన పెట్టింది. 2016లో కొత్త హార్డ్‌వేర్ ఉంటేనే పేటెంట్ అంది, 2017లో ఆ మాట తీసేసింది, 2025లో మళ్లీ సవరించింది. పదేళ్లలో ఇన్నిసార్లు మాట మారితే దరఖాస్తుదారు ఏం రాయాలి, ఎగ్జామినర్ ఏం చూడాలి?

ఇందులో నలిగిపోయిన దరఖాస్తు ఒకటి ఈ రంగంలో బాగా పేరుపడింది. ఫెరిద్ అల్లానీ అనే ఆయన 2002లో మన దేశంలో దాఖలు చేసిన దరఖాస్తు మీద 2019 డిసెంబర్‌లో గానీ ఢిల్లీ హైకోర్టు "సాంకేతిక ఫలితం ఉందా లేదా అనేది చూడండి, కంప్యూటర్ ప్రోగ్రామ్ అన్న ఒక్క కారణంతో తోసేయకండి" అనే అర్థంలో తీర్పు ఇవ్వలేదు. పేటెంట్ ఆయుష్షే ఇరవై ఏళ్లు. పదిహేడేళ్లు వాకిట్లోనే గడిచిపోయాయి.

అందుకే మేము దరఖాస్తుదారులను మాత్రమే తప్పుపట్టడం లేదు. ఎగ్జామినర్ల తొలి నివేదికలు చూస్తే ఒకే పేరా ఒకదాని నుంచి ఇంకోదానికి దిగినట్టుంటుంది: క్లెయిమ్‌లు 3(కె) కిందికి వస్తాయి, కాబట్టి అనుమతించలేం. ఎందుకు వస్తాయో ఉండదు. ఆస్పత్రి అనే మాట కనిపిస్తే చాలు, వైద్యం, రోగనిర్ధారణ పద్ధతులకు పేటెంట్ లేదనే 3(ఐ) కూడా తగిలిస్తారు. పేషెంట్ టేబుల్ మీద ఉన్నాడా దిగాడా అని లెక్కపెట్టడం రోగనిర్ధారణ ఎలా అవుతుంది? తీసుకొచ్చిన ఫిర్యాదును బట్టి కాకుండా అలవాటును బట్టి మందు రాసే డాక్టర్ లాగా ఉంది వ్యవహారం.

బయటి దేశాలు ఏమీ దీన్ని తేల్చేశాయని కాదు. అమెరికా సుప్రీంకోర్టు 2014లో ఆలిస్ కేసులో, ఒక అమూర్త ఆలోచనను, అంటే ఒట్టి ఊహను, మామూలు కంప్యూటర్‌తో చేయించినంత మాత్రాన పేటెంట్ రాదని చెప్పింది. రెండేళ్లకు అక్కడ పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఒక కరెంటు గ్రిడ్ కేసులో ఇంకా సూటిగా చెప్పింది: సమాచారం సేకరించడం, విశ్లేషించడం, ఫలితం తెర మీద చూపించడం, ఈ మూడూ కలిపినా అది అమూర్త ఆలోచనే. గ్రిడ్ తీసేసి ఆ స్థానంలో సీటీ స్కాన్ పెట్టి చదివితే మన టోకెన్ టీవీ కథే. యూరప్‌లో మాత్రం 1986లోనే, డిజిటల్ ఇమేజ్‌ను మెరుగుపరిచే ఒక పద్ధతికి, లెక్కలతో నడిచేదే అయినా, సాంకేతిక స్వభావం ఉందని పేటెంట్ ఆఫీసు అప్పీళ్ల బోర్డు ఒప్పుకుంది. వైకామ్ కేసు అంటారు. ఇమేజే మారింది కాబట్టి ఒప్పుకున్నారు, ఇమేజ్ గురించిన వార్త మారినందుకు కాదు. తేడా అక్కడుంది.

మరి ఏది ఇవ్వదగ్గది? ఒక ఉదాహరణ చూద్దాం. బ్రెయిన్ ఎమ్మారై అంటే ఒక్క ఫొటో కాదు. ముందు లొకలైజర్ అని ఒక చిన్న స్కాన్, తర్వాత టీ1, టీ2, ఫ్లెయిర్, డిఫ్యూజన్ అని ఒకదాని వెనక ఒకటి, ఒక్కోదానికి ఒక్కో రకం చప్పుడు, అరగంట దాటుతుంది. ఫ్లెయిర్ నడుస్తుండగా పేషెంట్ తల కాస్త కదిలిస్తే ఇమేజ్ మసకబారుతుంది. టెక్నీషియన్ గమనిస్తే మళ్లీ తీస్తాడు, గమనించకపోతే సాయంత్రం రేడియాలజిస్టు చూసి "రిపీట్" అని రాస్తాడు, మరుసటి రోజు ఆ మనిషి మళ్లీ బస్సెక్కాలి. ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్, ఇమేజ్‌లు వస్తుండగానే ఆ ముడి సిగ్నల్‌లోంచి కదలికను పట్టుకుని, ఈ సీక్వెన్స్ చెడిందని లెక్కగట్టి, పేషెంట్ టేబుల్ దిగకముందే స్కానర్‌తో ఆ ఒక్క భాగాన్ని మళ్లీ తీయించి, దాన్ని బట్టి మిగిలిన టైమ్‌ను సరిచేసిందనుకోండి. ఇక్కడ బోర్డు మీద రంగు మాత్రమే మారలేదు, మెషీన్ నడిచే తీరు మారింది. అది ఇంతకుముందు ఎవరూ చేయని పద్ధతిలో చేస్తే, ఎలా చేస్తుందో దరఖాస్తులో దాచకుండా రాస్తే, పేటెంట్ ఇవ్వాలి. 3(కె) అని బెదిరించి పంపేయకూడదు.

కదలికను పట్టుకునే పద్ధతులు కూడా చాలా ఉన్నాయని తెలిసినవాళ్లు అంటారు, నిజమే, అది కొత్తదనం లెక్కలో తేలుతుంది. మేమనేది ఒక్కటే: ఎగ్జామినర్ అడగాల్సిన ప్రశ్న "ఇది సాఫ్ట్‌వేరా?" అని కాదు, "ఇది పెట్టాక స్కాన్ గదిలో ఏం మారింది, ఎలా మారింది?" అని. దానికి "సిబ్బందికి సౌకర్యం, పేషెంట్‌కు టెన్షన్ తగ్గుతుంది" అనే జవాబు వస్తే అది మంచి వ్యాపారం, పేటెంట్ కాదు. "స్కానర్ పంపే ఫలానా సిగ్నల్‌ను ఇలా చదివి, ఫలానా పని ఇలా చేయిస్తుంది" అనే జవాబు వస్తే కూర్చుని వినాలి. ఆ వినడం ఆర్డర్‌లో కనపడాలి, అంగీకరించినా, తిరస్కరించినా.

హైదరాబాద్‌కు దీంతో ఏం పని అంటారేమో. ఇక్కడ పేటెంట్ ఆఫీసు లేదు, మన దరఖాస్తులన్నీ చెన్నైకి పోతాయి. కానీ గచ్చిబౌలి, రాయదుర్గం చుట్టూ ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లు రాసినవి వాడే ఆస్పత్రులూ ఇక్కడే ఉన్నాయి. పెట్టుబడి పెట్టేవాళ్లు "పేటెంట్ ఉందా?" అని అడుగుతారు కాబట్టి ఏదో ఒకటి దాఖలు చేసేద్దాం అనే తొందర చూస్తున్నాం. స్టార్టప్‌లకు ఫీజులో 80 శాతం రాయితీ ఉంది, దరఖాస్తును త్వరగా పరిశీలింపజేసుకునే వెసులుబాటూ ఉంది, వాడుకోవడంలో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, లోపల నిజంగా కొత్తగా చేసిన ఇంజినీరింగ్ ఉన్నా దాన్ని వదిలేసి, టోకెన్ బోర్డంత వెడల్పు క్లెయిమ్ రాయించుకోవడంలో. అది ఎగ్జామినర్ పెట్టే తొలి అభ్యంతరానికే కూలిపోతుంది. ఒకవేళ కూలకుండా పొరపాటున పేటెంట్ వచ్చేస్తే ఇంకా చిక్కు, రేపు ఏ జిల్లా ఆస్పత్రిలోనో ఐటీ చూసుకునే కుర్రాడు సొంతంగా ఒక స్క్రీన్ పెట్టి "స్కాన్ నడుస్తోంది" అని చూపించినా నోటీసు రావచ్చు.

అలాంటిది రాకుండా చూసుకునే దారి చట్టంలోనే ఉంది. దరఖాస్తు ప్రచురణ అయ్యాక, పేటెంట్ ఇవ్వకముందు, ఎవరైనా సరే అభ్యంతరం పెట్టొచ్చు. సెక్షన్ 25(1). 2024 నిబంధనలతో దీనికి ఫీజు పెట్టారు, అసలు అభ్యంతరంలో పస ఉందో లేదో ముందు పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే అధికారి, కంట్రోలర్, చూస్తారు, మాకు అది నచ్చలేదు, అయినా దారి మూసుకుపోలేదు. మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇరవై ఏళ్లుగా ఇవే మెషీన్లతో కుస్తీ పడుతున్న రేడియాలజిస్టులు, బయోమెడికల్ ఇంజినీర్లు ఉన్నారు. ఏది కొత్తో, ఏది 1998లోనే మెషీన్ మాన్యువల్‌లో ఉందో పేటెంట్ ఆఫీసులో కూర్చున్న ఎగ్జామినర్ కంటే వాళ్లకే బాగా తెలుసు. వైద్య విద్యా విభాగం వాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఈ పని అప్పగించి, ఫీజు తానే కడితే సరిపోతుంది. పేటెంట్ జర్నల్ ప్రతి శుక్రవారం ఆన్‌లైన్‌లో వస్తుంది, చదవడానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు.