మొత్తం అంకె ఒక్కటే చాలదు
కంపెనీలు ఏటా డైవర్సిటీ లెక్కలు (ఉద్యోగుల్లో ఆడవాళ్లు ఎంత శాతం లాంటివి) బయటపెడుతూ వచ్చాయి కాబట్టి దాపరికం తగ్గినట్టే అన్నారు నేను చదివిన ఒక వ్యాసంలో. సగమే ఒప్పుకుంటాను. 2014లో గూగుల్ మొదటిసారి లెక్కలు చెప్పినప్పుడు మొత్తం ఉద్యోగుల్లో ఆడవాళ్లు 30 శాతం, టెక్నికల్ ఉద్యోగాల్లో 17 శాతమే. కనీసం రెండూ విడివిడిగా చెప్పారు, అది మెచ్చుకోవాలి. రిసెప్షన్, హెచ్‌ఆర్ అన్నీ కలిపేసి ఒకే అంకె వేస్తే ఏ కంపెనీ అయినా బాగానే కనిపిస్తుంది. నేను ఇదివరకు పనిచేసిన చోట వెబ్‌సైట్ ఫొటో కోసం మా ముగ్గురు ఆడవాళ్లను బోర్డ్‌రూమ్‌లో ముందు వరుసలో కూర్చోబెట్టారు, నా చేతికి మార్కర్ కూడా ఇచ్చారు (మూత తీయొద్దన్నారు). ఆ గదిలో నేను అడుగుపెట్టింది అదే మొదలు, అదే ఆఖరు. ఫొటో మాత్రం నేను మానేశాక కూడా రెండేళ్లు అలాగే ఉంది.