సాక్ష్యం చెప్పాలా, వద్దా?

మా అత్తగారిది ఒంగోలు. ఏటా డిసెంబర్ 31 రాత్రి పదిన్నరకల్లా ఇంటిల్లిపాదీ చర్చికి బయల్దేరతాం. వాచ్‌నైట్ ఆరాధనలో ముందు కొందరు లేచి ఏడాదంతా దేవుడు చేసిన మేళ్లు చెప్పుకుంటారు, దాన్నే సాక్ష్యం అంటారు. పన్నెండు కొట్టాక వరసగా వెళ్లి పళ్లెంలోంచి తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటారు. చిన్న అట్టముక్క, దాని మీద ఒక వాక్యం. వచ్చే ఏడాదికి దేవుడు నీకిచ్చిన మాట అదేనని నమ్మకం.

కిందటిసారి మా మామగారికి వచ్చిన కార్డు 118వ కీర్తనలోది: "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను." ఫిబ్రవరిలో క్లోమంలో క్యాన్సర్ అని తేలింది. ఆగస్టులో పోయారు.

ఈసారి సాక్ష్యం చెప్పమని అత్తగారు కొడుకుని అడిగారు. చెప్పనన్నాడు. బలవంతపెడితే ఉన్నదున్నట్టు చెబుతానన్నాడు. ఆ మాట విని మా ఆవిడ తమ్ముణ్ణి మేడ మీదికి లాక్కెళ్లింది. రేపటి బిర్యానీకి వెల్లుల్లి ఒలుస్తూ నేను అప్పటికే అక్కడున్నాను, పొమ్మని ఎవరూ అనలేదు. ఆవిడ ఐసీయూలో నర్సు. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. చిన్నప్పుడు సండే స్కూల్ కంఠస్థ వాక్యాల పోటీలో ఒక ఏడు ఆవిడ, ఒక ఏడు వాడు ఫస్ట్ వచ్చేవాళ్లట. అందుకే వీళ్లు పోట్లాడుకుంటే బైబిల్ ఇద్దరి వైపూ ఉంటుంది.

అక్క: సాక్ష్యం చెప్పకు, కొంపలేం మునగవు. కానీ మైకు పట్టుకుని "నాకు నమ్మకం పోయింది" అంటావేంట్రా? నాన్న పోయి ఏడాది కూడా తిరగలేదు.

తమ్ముడు: ఏడాది తిరిగాక అంటే ఫరవాలేదా? ఎవర్నో అల్లరిపెట్టాలని కాదక్కా. ఇక్కడికి వచ్చినప్పుడల్లా అమ్మ పక్కన కూర్చుని బల్ల తీసుకుంటున్నాను. రొట్టెముక్క నోట్లో పెట్టుకుంటే దొంగతనం చేసినట్టు ఉంటోంది. అయోగ్యంగా తినకూడదని మనకి నేర్పింది వీళ్లేగా.

(బల్ల అంటే యేసు జ్ఞాపకంగా చర్చిలో తీసుకునే రొట్టె, ద్రాక్షరసం.)

అక్క: తినకు. పళ్లెం పక్కవాళ్లకి దాటించెయ్. ఎవరూ చూడరు.

తమ్ముడు: చూడరని నీకెలా తెలుసు?

అక్క: నాలుగు నెలలుగా దాటిస్తున్నాను కాబట్టి.

(వెల్లుల్లి రెబ్బ చేతిలోంచి జారింది. పక్కనే కూర్చునే మొగుణ్ణి, నేనూ చూడలేదు.)

తమ్ముడు: మరి ఇంకేం! నువ్వూ నా వైపే.

అక్క: కాదు. నాకు అనుమానం ఉంది, వెళ్లిపోవాలని లేదు. నువ్వు రెండూ ఒకటే అనుకుంటున్నావు.

తమ్ముడు: ఒకటి కాకుండా ఎలా ఉంటాయి? హాస్పిటల్లో నాన్న పక్క బెడ్ ఆయన గుర్తున్నాడా? ఆయనకీ కామెర్లే. వాళ్లావిడ తిరుపతికి మొక్కుకుంది. మన సంఘం నలభై రోజులు ఉపవాస ప్రార్థన పెట్టింది. ఆయన ఇంటికెళ్లి, గుండు చేయించుకుని ఫొటో వాట్సాప్‌లో పంపాడు. నాన్న ఫొటోకి మనం దండ వేశాం.

అక్క: ఇద్దరి కేస్ షీట్లూ చూశాను. ఆయనకి పసరు నాళంలో రాయి అడ్డుపడింది, తీసేస్తే కామెర్లు తగ్గాయి. నాన్నకి గడ్డ అడ్డుపడింది. పైకి రెండూ ఒకటే పసుపు. మొక్కు వల్ల ఆయన బతకలేదు, మనం సరిగ్గా ప్రార్థన చేయనందువల్ల నాన్న పోలేదు.

తమ్ముడు: నేనంటున్నదీ అదే. బతుకుతాడా పోతాడా అన్నది రాయా గడ్డా అనేదే తేల్చేసింది. మరి నలభై రోజుల ప్రార్థన ఏం తేల్చింది?

(మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. పక్కింటి మీద క్రిస్మస్ స్టార్ ఆరుతూ వెలుగుతూ ఉంది. నన్నడిగితే మొదటి రౌండ్ వాడిదే.)

అక్క: దానికి నా దగ్గర జవాబు లేదు. డ్యూటీలో రోజూ చూస్తాను. చుట్టూ ప్రార్థన చేసేవాళ్లున్న పేషెంట్లూ పోతారు, పలకరించే దిక్కులేనివాళ్లూ లేచి కూర్చుంటారు. నర్సుగా చేరిన మొదటి ఏడాదే ఈ లెక్క వదిలేశాను. నువ్వు ఇవాళ మొదలెట్టావు.

తమ్ముడు: లెక్క వదిలేయడం జవాబు కాదు. పైగా మే నెలలో ఆ స్వస్థత కూడికకి నాన్నని తీసుకెళ్లినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు? ఐదు గంటలు కారు నడిపాను. వెనక సీట్లో నాన్న, చేతికి కాన్యులా, ఒళ్లో వాంతి చేసుకోవడానికి ప్లాస్టిక్ కవరు. అక్కడ నూనె రాశారు, "గడ్డ కరిగిపోయింది" అని మైకులో చెప్పారు. నేను నమ్మానక్కా. సంచిలో పదివేలు వేశాను. వచ్చేటప్పుడు దారిలో నాన్న ఇడ్లీ తిన్నాడు, అది కూడా అద్భుతమే అనుకున్నాను.

అక్క: వద్దని చెబితే నువ్వు వినేవాడివా? ఒరేయ్, నీ కోపం దేవుడి మీద కాదు, ఆ రోజు కారు నడిపినవాడి మీద.

తమ్ముడు: ఇదిగో, ఇదే వద్దు. నా మనసు నువ్వు పరీక్ష చేసి, నా ప్రశ్న పక్కన పెట్టకు. కోపంగా ఉన్నవాడు వేసిన లెక్క తప్పే అవ్వాలని ఎక్కడుంది? తర్వాత పాస్టర్ అయ్యగారు ఇంటికొచ్చి అమ్మ ముందు ఏమన్నారో గుర్తుందిగా? "ఈ ఇంట్లో ఎవరికో విశ్వాసం చాలడం లేదు." అప్పటి నుంచి ఆ ఎవరో తనేనని అమ్మ కుమిలిపోతోంది.

అక్క: తెలుసు. భూస్థాపన అయిన పదో రోజు ఆయన్నే అడిగాను. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబుతో స్నేహితులు అన్నదీ ఇదే కదండీ, నీలోనే ఏదో లోపముంది అని. ఆఖరి అధ్యాయంలో దేవుడు మండిపడింది ప్రశ్నలు వేసిన యోబు మీద కాదు, నీతులు చెప్పిన స్నేహితుల మీద. ఆ అధ్యాయం చదివారా అయ్యగారూ, అన్నాను.

తమ్ముడు: నువ్వా? ఏమన్నారు?

అక్క: టీ తాగి వెళ్లిపోయారు.

(ఇద్దరూ నవ్వారు. ఆగస్టు తర్వాత ఈ ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.)

తమ్ముడు: అంత మాట అనగలిగిన దానివి ఇంకా అదే చర్చికి ఎందుకు వెళ్తున్నావు? అమ్మ కోసమా? 1878 కోసమా?

(తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఈ ప్రాంతపు బాప్టిస్టులకి 1878 జూలై 3 పెద్ద రోజు. పెద్ద కరువు వెనకే, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, అమెరికన్ మిషనరీ క్లౌ దొర ఉన్న కాలంలో, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. మా అత్తగారింటి పెద్దలూ ఆ రోజు నీళ్లలో దిగినవాళ్లేనని ఇంట్లో చెప్పుకుంటారు.)

తమ్ముడు: అన్నం కోసం దిగారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు.

అక్క: అననీ. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకి కూలి ఇచ్చాడు. ఆ కరువు పనులు నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసమే అయితే పనులు అయిపోయాక ఎందుకొస్తారు?

తమ్ముడు: సరే, నమ్మే వచ్చారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు బడికెళ్లారు, పలక పట్టారు, మన నాన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని బైబిల్ చదివింది. దానికి రుణపడి ఉన్నాను, కాదనను. కానీ రుణం వేరు, నమ్మకం వేరు. ముత్తాతల బాకీ తీర్చడానికి నేను నమ్మినట్టు నటించాలా?

అక్క: నటించమని ఎవరన్నారు? మీ బావ గుంటూరు లూథరన్, ఊహ తెలియకముందే నెత్తిన నీళ్లు పోశారు. మనది అలా కాదే. పుట్టుకతో ఎవడూ విశ్వాసి కాడు, తెలిసి ఒప్పుకున్నాకే నీళ్లలో దిగాలి అనేగా మన సంఘం మొత్తం నిలబడింది. అడగడం మనకి తప్పెప్పుడైంది?

తమ్ముడు: తెలిసి ఒప్పుకున్నానా? పదమూడేళ్లు నాకు. మా బ్యాచ్‌లో పధ్నాలుగు మందిమి. టెన్త్‌కి రాకముందే అయిపోతే టెన్షన్ ఉండదని ఇప్పించారు. ఏం అడుగుతారో, ఏం చెప్పాలో ముందురోజే రాసిచ్చారు. సరే, నువ్వన్నట్టే అనుకుందాం. తెలిసి ఒప్పుకునే హక్కు ఉంటే తెలిసి కాదనే హక్కూ ఉండాలిగా?

అక్క: ఉంది.

తమ్ముడు: అంతేనా? ఇంక గొడవేం లేదా?

అక్క: హక్కు ఉందా లేదా అని కాదురా గొడవ. ఇవాళ రాత్రి, ఆ మైకులో, అమ్మ ముందు వరసలో కూర్చుని వింటుండగా, అని.

తమ్ముడు: నాన్నయితే ఏం చేసేవాడో చెప్పు. మనం క్రైస్తవులం అని సర్టిఫికెట్‌లో రాయించుకున్నాడు.

(ఇది కూడా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. క్రైస్తవులు లేరు. చర్చికెళ్లే దళితుడు ఆ మాట కాగితం మీద పెడితే ఇక్కడ బీసీ-సీ అవుతాడు. అందుకే చాలా ఇళ్లలో కాగితం ఒకటి, ఆదివారం ఒకటి. వాళ్లని తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఆ మెలిక పెట్టింది వాళ్లు కాదు.)

తమ్ముడు: నాన్న బీసీ-సీ అని రాయించుకుని, రావలసిన టీచర్ పోస్టు పోగొట్టుకుని, ఆరేళ్లు ట్యూషన్లు చెప్పుకున్నాడు. లేనిది ఉన్నట్టు రాయనన్నాడు. ఆయన కొడుకుని, లోపల లేనిది ఉన్నట్టు నేనెలా నిలబడను?

(ఈ మాటకి మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఓడిపోయిందనే అనుకున్నాను. మళ్లీ మొదలెట్టింది.)

అక్క: నిజం చెప్పాల్సిందే. ఎప్పుడు చెప్పాలన్నదే నా బాధ. నీ ఫోన్ వాల్‌పేపర్ అంబేడ్కర్ గారిది. "హిందువుగా పుట్టాను, హిందువుగా చావను" అని ఆయన యేవలాలో అన్నది ఎప్పుడు?

తమ్ముడు: 1935 అక్టోబర్.

అక్క: నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది?

తమ్ముడు: 1956 అక్టోబర్.

అక్క: ఇరవై ఒక్క ఏళ్లు! అంత చదివినాయన వదిలేస్తానని చెప్పి కూడా, ఎక్కడికెళ్లాలో తేల్చుకోవడానికి ఇరవై ఒక్క ఏళ్లు తీసుకున్నాడు. నువ్వు ఆగస్టులో మొదలెట్టి డిసెంబర్‌కి ముగించేస్తానంటున్నావు.

తమ్ముడు: ఆయన చెప్పడం ఆపలేదక్కా. తేల్చుకోవడానికి టైమ్ తీసుకున్నాడు, అందరిముందూ చెప్పింది మాత్రం మొదటిరోజే.

అక్క: అబ్బ! దేనికైనా ఒకటి పట్టుకొస్తావు. సరే, యేసు శిష్యుడు తోమా. సిలువ గాయాలు చూస్తేగానీ యేసు తిరిగి లేచాడని నమ్మనన్నాడు. యేసు మళ్లీ కనిపించింది ఎనిమిది రోజుల తర్వాత. ఆ ఎనిమిది రోజులూ తోమా ఎక్కడున్నాడు? మిగతా పదిమందితో అదే గదిలో. నమ్మనని మొహం మీదే చెప్పాడు, వాళ్లు పొమ్మనలేదు, వీడూ పోలేదు. నాకు ఆ ఎనిమిది రోజులే కావాలి.

తమ్ముడు: తోమాకి తొమ్మిదో రోజు చేతులు చూపించాడు. నాకెవరు చూపిస్తారు?

అక్క: ఎవరూ చూపించకపోవచ్చు.

తమ్ముడు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని మార్కు సువార్తలో జబ్బుపడ్డ కొడుకుని తెచ్చిన ఒక తండ్రి అంటాడు. ఈ నాలుగు నెలల్లో ఎంతమంది పంపారో ఆ వాక్యం! వాళ్లు మర్చిపోయేదేంటంటే ఆ తండ్రి కొడుకు బాగయ్యాడు.

అక్క: అవును. అందుకే నేను దాని జోలికి పోవట్లేదు. 88వ కీర్తన చదువుతున్నాను. చివర్లో వెలుగు రాదు, ఆమెన్ రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. చర్చిలో దాని మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు, కానీ పుస్తకంలోంచి ఎవరూ తీసెయ్యలేదుగా. ప్రార్థన చేయడానికి నాకూ మాట రావట్లేదురా. నైట్ డ్యూటీలో పేషెంట్ తాలూకు వాళ్లు "సిస్టర్, కొంచెం ప్రార్థన చేయండి" అంటారు. చేయి పట్టుకుని, నాన్న నేర్పిన పాట కూనిరాగం తీస్తాను. నమ్మకమో అలవాటో నాకు తెలీదు. చేయి మాత్రం వదలను.

తమ్ముడు: నీకు పట్టుకోవడానికి చేతులున్నాయి. హైదరాబాద్‌లో నాకు ఎవరున్నారు? నమ్మకం పోయిందని ఒక ఫ్రెండ్‌కి చెబితే వాడు సంబరపడిపోయి నలభై వీడియోలు పంపాడు. ఇంకొకడు "ఎలాగూ బయటికొచ్చావు, మా వైపు వచ్చెయ్" అన్నాడు. మన సంఘం వాళ్లు వాక్యాలు పంపారు. నాన్న చివర్లో ఎలా ఉన్నాడని ఒక్కడూ అడగలేదు.

అక్క: ఇక్కడ స్త్రీల సమాజం వాళ్లు పదిరోజులు వంతులేసుకుని పప్పుచారు తెచ్చారు. ఎవరికెంత విశ్వాసం ఉందని అడగలేదు. గిన్నెలు మాత్రం తిరిగి అడిగారు. నువ్వు ఇవాళ మైకులో అంటే, రేపు ఆ గిన్నెలవాళ్లు అమ్మని చూసే చూపు మారుతుంది. నువ్వు రెండో తారీఖున బస్సెక్కుతావు. అమ్మ ఎక్కడికి పోతుంది?

(చాలాసేపు వాడేమీ అనలేదు.)

తమ్ముడు: మరి ఎప్పుడు చెప్పను?

అక్క: రేపు చెప్పు, ఎల్లుండి చెప్పు. వంటింట్లో, అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు. నేనూ పక్కనుంటాను. పళ్లెం దాటిస్తున్న సంగతి నేనూ అప్పుడే చెబుతాను.

తమ్ముడు: ఏడుస్తుంది.

అక్క: ఏడవనీ. ఆ విశ్వాసం చాలనిది తను కాదని అయినా తెలుస్తుంది.

(వాడు పర్సు తీసి అందులోంచి ఒక అట్టముక్క బయటికి లాగాడు. మామగారు దాన్ని లామినేషన్ చేయించుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవారు. హాస్పిటల్ వాళ్లు బట్టలతో పాటు ఇచ్చారు. ఒక మూల ప్లాస్టిక్ ఊడి లోపలికి చెమ్మ దిగింది.)

తమ్ముడు: సాక్ష్యం మానేస్తా. ఇది మాత్రం ఇవాళ ఆ పళ్లెంలో తిరిగి వేసేద్దామనుకున్నా. ఎవరిచ్చిన మాట వాళ్లకే.

అక్క: వెయ్యకురా. ఇంకెవరికైనా వస్తే?

వాడు కార్డు వంక ఒకసారి చూసి మళ్లీ పర్సులో పెట్టుకున్నాడు. కిందనుంచి అత్తగారు మూడోసారి కేకేశారు, కళ్లజోడు కనపడట్లేదట. వెతకడానికి ముందు వాడే దిగాడు.